రోగి సహకరించలేదు

స్కానింగు కోర్సు చదివే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, చాయ్ తాగి, "మేడమ్, మీ అనుభవాలు రాయండి" అని చెప్పి పోతుంటారు. వాళ్లు ఆశించేది ఏమిటో నాకు తెలుసు. పెద్ద పెద్ద యంత్రాలు, పెద్ద పెద్ద డాక్టర్లు, వాళ్ల మధ్యలో తెల్లకోటు వేసుకుని నేను. అట్లాంటివి నా రిటైర్మెంటు సభలో చాలామంది చెప్పేశారు. శాలువా కప్పి, నేను చేయని మంచి పనులు కూడా కొన్ని నా మీద వేశారు. నేనూ కాదనలేదు, శాలువా బాగుంది.

ఇక్కడ మాత్రం అవేమీ ఉండవు. మన పని ఏమిటో ఒక్క ముక్కలో చెప్తాను. కదిలే మనిషిని కాసేపు కదలకుండా ఉంచడం. మిగతాదంతా కరెంటు చేసుకుంటుంది. ఈ ముక్క వినడానికి తేలిక. నాకు అది ఒంటబట్టడానికి ఎక్స్‌రే గది నుంచి ఎమ్మారై గది దాకా, అంటే దాదాపు ఉద్యోగకాలమంతా పట్టింది.

పట్టుమన్నారు, పట్టిన

1969లో తెలంగాణ గొడవలకు కాలేజీలు మూతపడ్డాయి. నేను అప్పుడు పీయూసీలో ఉన్నాను. ఇంట్లో ఉండి మా అవ్వతో, అంటే అమ్మతో, రోజూ తగువు పడుతుంటే చూడలేక, "దవాఖానల పని నేర్చుకో పో బిడ్డా, ఇద్దరికి నెమ్మది" అన్నాడు మా బాపు. మా సంఘం పాస్టరుగారు చెప్పి పెడితే ఆదిలాబాద్ వైపు ఒక చిన్న ఆస్పత్రిలో ఎక్స్‌రే గదిలో చేర్చుకున్నారు. నేను చేసిన త్యాగం ఇదీ. సేవాభావంతో వచ్చానని సభలో ఎవరో చెప్పారు గాని, వాళ్లకు మా అవ్వ తెలియదు.

అక్కడ నా మొదటి బాసు నర్సింలు సారు. మనిషి సన్నం, గొంతు లావు. పేషెంటును పలకకు ఆనించి నిలబెట్టి, "ఊపిరి పట్టు! కదిలితె సూడు!" అని ఒక్క కేక వేసేవాడు. ఆ కేకకు వరండాలో కూర్చున్నవాళ్లు కూడా ఊపిరి పట్టేవాళ్లు. బటన్ నొక్కి, ఫిల్ము పెట్టె తీసుకుని చీకటిగదిలోకి పోయేవాడు. ఒకరోజు మరాఠీ ఊళ్ల వైపునుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఎర్ర పాగా, మంచి ఎత్తరి. సారు కేక వేశాడు, బటన్ నొక్కాడు, నన్ను వెంటబెట్టుకుని చీకటిగదిలోకి పోయాడు. కొద్దిసేపటికి బయట దబ్బుమని చప్పుడైంది. వచ్చి చూస్తే పెద్దాయన కింద పడి ఉన్నాడు, పాగా ఒకవైపు, ఆయన ఒకవైపు.

నీళ్లు చల్లి లేపాం. "ఏమైంది కాకా?" అని అడిగాను.

"ఊపిరి పట్టుమన్నరు, పట్టిన. ఇడువుమని ఎవ్వలు చెప్పలే గద బాయి" అన్నాడాయన.

నర్సింలు సారు ఆయనకు తెలివి లేదని తేల్చేశాడు. నాకు అట్లా అనిపించలేదు. చెప్పినపని చెప్పినట్టు చేసి కిందపడ్డ మనిషిని తెలివిలేనివాడు అనడమేమిటి? ఆ రోజు నుంచి "పట్టు" అన్న నోటితోనే "వదులు" అనేదాకా నేను గదిలోంచి కదలలేదు. ఇది ఏ పుస్తకంలోనూ రాయరు. రాయాల్సినంత పెద్ద విషయం కాదని వాళ్ల ఉద్దేశం.

తర్వాత శ్రీరాంపూర్ వైపు కొన్నేళ్లు చేశాను. అంతా బొగ్గుబాయి కార్మికుల ఛాతీలే. ఫిల్ము మీద ఊపిరితిత్తులు చూసి మనిషి ఏ షిఫ్టులో పనిచేస్తాడో చెప్పగలనని గొప్పలు పోయేదాన్ని. అవి ఉత్త గొప్పలే. ఆ తర్వాత కరీంనగర్.

అయస్కాంతం, అనుమానాలు

తొంభైలలో కరీంనగర్‌లో ఒక ప్రైవేటు స్కానింగు సెంటరుకు ఎమ్మారై యంత్రం వచ్చింది. ఎక్కడో వాడి వదిలేసిన పాతది, కొత్త రంగు వేసుకుని వచ్చింది. సెంటరు డాక్టర్ ప్రభాకరంగారిది. ఆయనది కృష్ణా వైపు. కుక్కను అదిలించాలన్నా "వెళ్లండి" అనేంత మర్యాదస్తుడు. తెలివైనవాడు, మంచివాడు, అంతకంటే ఎక్కువ మొండివాడు. మోకాళ్లు, నడుములు, తలకాయలు తీసి పంపిస్తే సెంటరు హాయిగా నడిచేది. ఆయనకు అది చాలలేదు. గుండె నాళాల్లో పారే రక్తాన్ని ఈ యంత్రంతో చూపిస్తానన్నారు. విదేశాల్లో చూస్తున్నారట, మనం మాత్రం ఎందుకు చూడకూడదన్నారు.

అది ఎంత కష్టమో కొత్తపిల్లలకు ఇప్పుడు తెలియదు గనక చెప్తాను. గుండెకు రక్తమిచ్చే నాళం అగ్గిపుల్లంత లావు ఉంటుంది. అది కొట్టుకునే గుండెకు అతుక్కుని ఉంటుంది. ఆ గుండేమో మనం ఊపిరి తీసినప్పుడల్లా పైకీ కిందికీ పోతుంటుంది. మన పాత యంత్రం ఫోటో తీసినట్టు ఒక్క దెబ్బకు తీయదు. గుండె కొట్టుకున్నప్పుడల్లా కొంచెం కొంచెం గీసుకుంటూ, ఒక ఊపిరి పట్టేంతసేపట్లో ఒక బొమ్మ పూర్తి చేస్తుంది. రక్తం పారేచోట తెల్లగా మెరుస్తుంది, పారనిచోట నల్లగా ఉంటుంది. మధ్యలో ఛాతీ కొద్దిగా కదిలినా అగ్గిపుల్ల కాస్తా పొగైపోతుంది.

మాకు వచ్చినవన్నీ పొగలే.

మొదటి లోపం డాక్టరుగారే పట్టుకున్నారు, ఆ మాట ఒప్పుకోవాలి. ఊపిరి బిగబట్టమంటే మనవాళ్లు బావిలో దూకేముందు పీల్చినట్టు ఛాతీనిండా పీలుస్తారు. ఒకసారి కడివెడు, ఇంకోసారి చెంబెడు. గుండె ప్రతిసారీ ఒక్కో చోట ఆగుతుంది. అదే గాలంతా బయటికి వదిలేసి ఆగితే ఎప్పుడూ దాదాపు ఒకేచోట ఆగుతుంది. కాబట్టి వదిలి ఆపించాలన్నారు. లెక్క బాగానే ఉంది. "ఊపిరి వదిలేసి ఆగిపోండి" అని గుండెజబ్బు మనిషికి ఎట్లా చెప్పాలి? మొదటిసారి చెప్పినప్పుడు తలుపు దగ్గరున్న కొడుకు నా మీదికి వచ్చినంత పని చేశాడు. "మా అవ్వను ఊపిరి ఇడువుమంటున్నవా? ఏం మాటలవి?" అన్నాడు. చివరికి "పొయ్యి ఊదినట్టు ఊది, అట్లనే ఆగు" అని చెప్పడం మొదలుపెట్టాం. కాస్త నయమైంది. పొగ పలచబడింది గాని అగ్గిపుల్ల కనబడలేదు.

ఇక అనుమానాలు మొదలయ్యాయి. గుండె కొట్టుకోవడం యంత్రానికి తెలియడానికి ఛాతీకి అంటించే బిళ్లలు మంచివి కావన్నాం, మార్చాం. కరెంటు సరిగా లేదన్నాం, దానికో పెట్టె కొన్నాం. బొంబాయి నుంచి ఇంజనీరును పిలిపించాం. అతను వచ్చి, బిర్యానీ తిని, తానే యంత్రం సొరంగంలో పడుకుని తన గుండెను తీయమన్నాడు. అద్దంలాంటి బొమ్మ వచ్చింది. నాళం తెల్లగా, సన్నగా, ఎంచక్కా కనబడింది. "యంత్రం బ్రహ్మాండంగా ఉంది" అని ఇంగ్లీషులో చెప్పి రైలెక్కాడు.

డాక్టరుగారు దీనిమీద బాగా ఆలోచించి ఒక సిద్ధాంతం కనిపెట్టారు. బొగ్గు దుమ్ము, పత్తి దూది, చుట్టపొగ కలిసి ఈ జిల్లాల మనుషులకు ఊపిరి నిలకడ లేకుండా చేశాయట. చదువుకున్నవాళ్లతో వచ్చిన చిక్కు ఇదే. తమకు తెలియదని చెప్పుకోవడానికి మొహమాటపడి, ఎదుటివాడి ఊపిరితిత్తుల మీద పెడతారు. నేనూ తలూపాను, శ్రీరాంపూర్ ఫిల్ములు చూసిన అనుభవం ఉంది కదా. ప్రతి పొగ కింద రిపోర్టులో ఒకే వాక్యం రాసేవాళ్లం: రోగి సహకరించలేదు.

ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి పిల్లలూ. మీకు కూడా రాయాలనిపిస్తుంది. చాలా సుఖమైన వాక్యం అది.

రాజలింగం

రాజలింగం జమ్మికుంట పత్తి మార్కెట్టులో దడువాయి. అంటే కాంటా వేసి తూకం గట్టిగా పిలిచి చెప్పే మనిషి. కొన్నేళ్ల కింద హైదరాబాద్‌లో ఆయనకు గుండె ఆపరేషన్ అయింది. కాలిలోంచి నరం తీసి, మూసుకుపోయిన నాళాన్ని దాటించి గుండెకు కుట్టారు. కొంతకాలం బాగానే ఉన్నాడు. తర్వాత నాలుగడుగులు వేస్తే మళ్లీ రొమ్ములో పట్టేసినట్టు నొప్పి మొదలైంది. కుట్టిన నరం కూడా మూసుకుందేమో చూడాలి, యాంజియో చేయాలన్నారు హైదరాబాద్ సర్జనుగారు.

అక్కడే వచ్చింది చిక్కు. మొదటిసారి యాంజియోలో, నాళాలు కనబడటానికి మందు ఎక్కించినప్పుడు రాజలింగానికి ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు మూసుకుపోయి, బీపీ పడిపోయింది. చావు అంచుదాకా పోయి వచ్చాడు. ఇప్పుడు మళ్లీ ఆ మందు అనేసరికి మంచం దిగనన్నాడు. ఎవరో మా సెంటరు సంగతి చెబితే భార్యాభర్తలు మా దగ్గరికి వచ్చారు.

"గా మందు సూది మల్లేస్తె నేను బతుక సారు. గుండెతోని సస్తె ఇంట్లనన్న సస్త" అన్నాడు మా డాక్టరుగారితో. బెదిరింపు కాదది, ఊరికే చెప్పాడు. పక్కన అతని భార్య మల్లవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

మా యంత్రానికి ఆ మందు అక్కర్లేదు. డాక్టరుగారు సర్జనుగారికి ఫోన్ చేశారు. చివరికి ఒప్పందమేమిటంటే, నరంలో రక్తం పారుతున్నట్టు మా బొమ్మలో స్పష్టంగా కనబడితే మాత్రలు మార్చి చూస్తారు. కనబడకపోయినా, అనుమానంగా ఉన్నా, రాజలింగం ఆ మందు ఎక్కించుకోక తప్పదు. ఫోన్ పెట్టేశాక డాక్టరుగారు నా వైపు చూశారు. ఇంతవరకు మేము బొంబాయి ఇంజనీరుకు తప్ప ఎవరికీ స్పష్టంగా తీయలేదు.

రాజలింగాన్ని బల్లమీద పడుకోబెట్టి బిళ్లలు అంటించాను. ఊది ఆగడం రిహార్సల్ చేయించాను. బుద్ధిగా చేశాడు. అంతకంటే బుద్ధిగా ఎవరూ చేయరు. భయపడతాడేమోనని మల్లవ్వను లోపలే ఒక చెక్క స్టూలు మీద కూర్చోబెట్టాను. అంతకుముందు ఆమె పుస్తెలతాడుకున్న పిన్నీసులన్నీ తీయించాను. యంత్రంలోని అయస్కాంతం పిన్నీసును లాగిందంటే అది తుపాకీ తూటాయే. ఒక చిన్న దుకాణం పెట్టుకునేన్ని పిన్నీసులు తేలాయి.

మేమిద్దరం బయట గదిలో, అద్దం ఇవతల కూర్చున్నాం. డాక్టరుగారు మైకు తీసుకున్నారు. "రాజలింగం గారూ, మెల్లగా ఊపిరి ఊదేయండి. ఊదేశారా? అలాగే ఆగండి." యంత్రం టకటకా కొట్టుకుంది. బొమ్మ వచ్చింది. పొగ.

మళ్లీ. పొగ. బిళ్లలు మార్చి మళ్లీ. పొగ. ఆపరేషన్లో రొమ్ము ఎముక కుట్టిన తీగల నల్లమచ్చలు మాత్రం బ్రహ్మాండంగా పడుతున్నాయి. డాక్టరుగారికి చెమటలు పట్టాయి. కాసేపటికి మైకు పక్కన పెట్టేసి, "రాసేయండి ఎస్తేరు గారూ" అన్నారు. ఏం రాయాలో చెప్పనక్కరలేదు.

రాజలింగం మళ్లీ ఆ సూది కిందికి పోవాలన్నమాట. నేను లేచి మల్లవ్వను బయటికి పిలుచుకొచ్చాను. ఎట్లా చెప్పాలా అని చూస్తుంటే ఆమే అడిగింది.

"అమ్మా, లోపల మాట్లాడచ్చా?"

"మాట్లాడొద్దు. ఊపిరి కూడా కదలద్దు."

"మరి మా ఆయన మాటమాటకు జవాబు చెప్తుండు గద?"

నాకు అర్థం కాలేదు. "ఏం జవాబు?"

"పెద్దసారు ఆగుండ్రి అంటె, 'ఆగిన సారు' అంటుండు. గట్టిగనే అంటుండు. మీకు ఇనస్తలేదా?"

మాకు వినబడదు. లోపలి మాట బయటికి వినిపించే మీట ఒకటుంది. యంత్రం మోతకు తల పగిలిపోతోందని డాక్టరుగారు మొదటి నెలలోనే దాన్ని పూర్తిగా కిందికి తిప్పేశారు.

ఆయన మొహం నేను ఎప్పుడూ మర్చిపోను. నోరు తెరుచుకుంది, మూసుకోలేదు. పెద్ద డాక్టరు "అండీ" అని పిలిచి ఒక మాట చెప్తే, జవాబివ్వకుండా పడుకునే మొగోడు కరీంనగర్ జిల్లాలో ఎవరున్నారు? ఊకొట్టకపోతే వినలేదనుకుంటారు, పొగరనుకుంటారు. ఊపిరి ఆపి, "ఆపిన సారు" అని చెప్పడానికి మళ్లీ ఊపిరి తీసి, సరిగ్గా యంత్రం గీత మొదలుపెట్టినప్పుడు అందరూ జవాబిచ్చారు. బొంబాయి ఇంజనీరు మాత్రం తన పని తాను చూసుకున్నాడు.

ఇన్నాళ్లూ సహకరించలేదని రాసింది వీళ్ల గురించి. వాళ్లు సహకరించినంత మనకు ఎవరూ సహకరించరు. నాకు నవ్వు వచ్చింది, వెంటనే సిగ్గేసింది.

మైకు

మీట పైకి తిప్పాం. డాక్టరుగారు మైకులో, "రాజలింగం గారూ, దయచేసి జవాబు చెప్పకండి" అన్నారు.

"చెప్ప సారు" అని వచ్చింది సొరంగంలోంచి.

"ఏమీ అనకూడదు."

"అన సారు. సప్పుడే చెయ్య."

నేను లాక్కున్నాను మైకు. గొంతు కరుకు చేసి, నర్సింలు సారును తలుచుకుని, "రాజలింగం! నోరు మూసుకో!" అన్నాను.

"మంచిది తల్లీ."

డాక్టరుగారు బల్లమీద తల పెట్టుకున్నారు. నాకు నవ్వు ఆగడం లేదు, ఏడుపూ ఆగడం లేదు. అప్పుడు మల్లవ్వ చెయ్యి చాపింది.

"నాకియ్యుండ్రి. నేను చెప్త."

"నువ్వు చెప్తే మాత్రం జవాబియ్యడా అవ్వా?" అన్నాను.

"ముప్పై ఏండ్ల కాపురం. నేను ఏం చెప్పినా ఒక్కనాడు ఊఁ అనలే. బియ్యం లేవంటె ఊఁ అనడు, కొట్టం కూలిందంటె ఊఁ అనడు. ఇయ్యాల అంటడా?"

ఇది విని డాక్టరుగారు కుర్చీలోంచి లేచి ఆమెకు చోటిచ్చారు. ఆయన కుర్చీ ఎవరికైనా ఇవ్వడం నేను అదే మొదటిసారి చూడటం. ఎప్పుడు ఏం చెప్పాలో నేను ఆమె భుజం మీద తట్టి చూపిస్తానన్నాను. మల్లవ్వ మైకును రోకలిలాగా పట్టుకుంది.

"ఏమయ్యా, నేను. గాలి ఊదు. అంత ఊదు. ఇగ ఆగు."

సొరంగంలోంచి చప్పుడు లేదు. చీమ చిటుక్కుమనలేదు. యంత్రం టకటకా కొట్టుకుని ఆగింది. ఆమె భుజం తట్టాను. "ఇగ ఊపిరి తీసుకో" అందామె. బొమ్మ పైనుంచి కిందికి ఒక్కో గీతా తెరమీద పడింది.

నరం కనబడింది. తీగల నల్లమచ్చల పక్కనుంచి, గుండె ముందుభాగం మీదుగా, ఒక తెల్లటి దారం. మళ్లీ చెప్పించాం, ఈసారి అడ్డంగా కోసి చూశాం. దారం తెల్లటి చుక్క అయింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ చుక్క మెరిసి, మసకబారి, మళ్లీ మెరుస్తోంది. రక్తం పారుతోంది. మేము పడ్డ తిప్పలన్నీ ఆ చుక్క కోసమే. డాక్టరుగారు తెరకు ముక్కు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. ఇంకా రెండు వైపులనుంచి తీయించారు. మల్లవ్వ ప్రతిసారీ ఊదమంది, ఆగమంది, తీసుకోమంది. ఒక్కసారీ జవాబు రాలేదు.

తర్వాత మా సెంటరులో అదే పద్ధతి అయిపోయింది. గుండె స్కానుకు వస్తే ముందు అడిగేవాళ్లం, ఇంట్లో మీరు ఎవరి మాటకు జవాబియ్యరు అని. ఆ మనిషినే మైకు ముందు కూర్చోబెట్టేవాళ్లం. ఎక్కువగా భార్యలే. ఒకాయనకు మాత్రం అత్తను పిలిపించాల్సి వచ్చింది. పొగలు దాదాపు పోయాయి. డాక్టరుగారు దీనిమీద ఒక కాన్ఫరెన్సులో మాట్లాడారు. ఊది ఆగించే సంగతంతా వివరంగా చెప్పి, భార్యల సంగతి మాత్రం చెప్పలేదట. నవ్వుతారని భయపడ్డారు. ఆయన చేసిన పొరపాట్లలో నేను క్షమించనిది అదొక్కటే.

ఆ రోజు సంగతి పూర్తి చేస్తాను. డాక్టరుగారు అక్కడినుంచే సర్జనుగారికి ఫోన్ కలిపారు. ఆయన రిపోర్టులు మీరు చదివి ఉండరు. "ఉండవచ్చును", "కాకపోవచ్చును", "ఇతర పరీక్షలతో సరిచూసుకోగలరు" అని, ఏ గోడకూ ఆనకుండా రాసేవారు. ఆ రోజు మాత్రం "నరం తెరిచే ఉందండీ. రక్తం బాగా పారుతోంది. నేను సంతకం పెడుతున్నాను" అన్నారు. అవతల ఏదో అడిగారు. "అనుమానం లేదండీ" అన్నారు మళ్లీ. కాసేపు విని ఫోన్ పెట్టేసి, మల్లవ్వ వైపు తిరిగారు.

"యాంజియో అక్కర్లేదన్నారమ్మా. మాత్రలు మారుస్తారు. మీరే చెప్పండి ఆయనకు."

రాజలింగం ఇంకా సొరంగంలోనే ఉన్నాడు. యంత్రం ఆగిపోయి గది నిశ్శబ్దంగా ఉంది. మల్లవ్వ మైకు దగ్గరికి జరిగి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏమయ్యా. నీ నెత్తురు మంచిగనే పారుతున్నదట. గా సూది లేదిగ. ఇంటికి పోదాం."

ఏమీ వినబడలేదు. నేను అద్దంలోంచి చూశాను. సొరంగంలోంచి బయటికున్న పాదాలు రెండూ ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. తర్వాత స్పీకరులోంచి, బరబరమనే చప్పుడు మధ్య, ముక్కు ఎగబీలుస్తూ చిన్నగా వచ్చింది.

"ఊఁ."

మల్లవ్వ గిరుక్కున నా వైపు చూసింది. విన్నానా లేదా అని. విన్నానన్నట్టు తలూపాను.

ఆమె మైకు ఇంకా దగ్గరగా లాక్కుంది. "గా చుట్టలు బంద్ జెయ్యాలె" అంది.

"ఊఁ."

"కొండగట్టు దేవునికి మొక్కుకున్న. నువ్వు నా యెంబడి రావాలె."

"ఊఁ."

"కొట్టం కప్పియ్యాలె. పోయిన వానకాలం నుంచి చెప్తున్న."

"ఊఁ. కప్పిస్త."

బయట బెంచీ మీద తర్వాతి పేషెంట్లు గునుస్తున్నారు. డాక్టరుగారు గడియారం చూసుకుని మైకు వైపు చెయ్యి చాపబోయారు. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. ఆయన ఒక్క క్షణం నా మొహం చూసి, గోడవారగా పోయి నిలబడ్డారు. మల్లవ్వకు ఇంకా చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.